ఆగి వచ్చిన నెత్తురు

సంతోషమ్మ మొదట కిటికీని అనుమానించింది. ఎండ తగలకుండా ఉండాలని ఎవరో ఆ అద్దాలకు పసుప్పచ్చ కాగితం అంటించారు. పొద్దుటెండ దానిలోంచి దూరి మంచాల మీద పడుతుంటే ఆసుపత్రి దుప్పట్లు కూడా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టే ఉన్నాయి. మొగుడి కళ్ళు అందుకే అట్లా కనబడుతున్నాయనుకుంది. అయినా నమ్మకం కుదరక, లేచి కిటికీకీ మంచానికీ మధ్య నిలబడి, కొంగు రెండు చేతులా అడ్డం పట్టుకుని వంగి చూసింది. నీడలోనూ పసుపే.

"మామా, ఒక్కతూరి పైకి సూడు."

మునిచంద్ర ఓపిక తెచ్చుకుని పైకి చూశాడు. బొటనవేలితో కింది రెప్ప లాగి చూసింది. ఆ తరువాత తన కళ్ళనే అనుమానించింది. పక్క మంచం దగ్గర కూర్చుని తమలపాకు నములుతున్న నిర్మలమ్మ కళ్ళలోకి తేరిపార చూసింది. అవి తెల్లగానే ఉన్నాయి.

"ఏందే అట్ల సూస్తాండావు, నా మొగంలో ఏముండాది?" అంది నిర్మలమ్మ. ఆమెది కాణిపాకం. గుడి ముందర కొబ్బరికాయలూ గరికా అమ్ముకుంటుంది. మొగుడి కడుపులో గడ్డ ఉందని తెచ్చి చేర్చింది. ఆపరేషన్ ఇంకా కాలేదు.

ఇక అనుమానించడానికి సంతోషమ్మకు డాక్టర్లు తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆమెకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం కాదు, చేసే పని నేర్పింది. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడి కాయలు ఏరుతుంది. పైకి పసుపు తేలి నిగనిగలాడే కాయను పట్టుకుని తొడిమ దగ్గర నొక్కి చూడాలి. చెట్టు మీద పండిందో, మందు పెట్టి రంగెక్కించిందో వేలికి తెలుస్తుంది. చూపుకు బాగున్నదాన్నే ముందు నమ్మకూడదు. మునిచంద్ర తోటల్లో కాయలు కోస్తాడు. తోతాపురి చెట్టు చిటారు కొమ్మ మీద నుంచి చిక్కం కర్రతో సహా జారి, కింద నిలిపిన ట్రాక్టరు ట్రక్కు అంచు మీద పడ్డాడు. కుడి పక్కటెముకల కింద దెబ్బ. పైకి గీత కూడా లేదు, లోపల లివరు చీలింది. తిరుపతి వచ్చేదాకా జీపులో అతని తల ఆమె ఒళ్ళోనే ఉంది. దారి పొడుగునా ఆ కళ్ళనే చూస్తూ వచ్చింది, మూసుకుపోతాయేమోనన్న భయంతో. ఆ కళ్ళు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. పసుపు మాత్రం లేదు. ఆ సంగతి ఏ దేవుడి ముందరైనా చెప్పగలదు.

నర్సు జెస్సీ బీపీ చూడటానికి వచ్చినప్పుడు సంతోషమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"సిస్టరూ, మా ఆయనకు కండ్లు పచ్చగా అయినాయి."

జెస్సీ పాదరసం గొట్టం మీంచి చూపు తిప్పలేదు. "తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

"నిన్న రక్తం తీసినాం గదా, దాంట్లో వచ్చింది. డాక్టర్లు చూసుకుంటారు. ఏం కాదులే."

నిన్ననే తెలుసు. తెలిసీ చెప్పలేదు. సంతోషమ్మ ఆ మాటను మనసులో ఒక పక్కకు తోసి పెట్టుకుంది. కాసేపటికి కుర్ర డాక్టరు వస్తే అతన్ని అడిగింది. అతనూ "ఏం కాదమ్మా" అన్నాడు. గచ్చు తుడిచే ఆయమ్మను అడిగితే ఆమె కూడా "ఏం కాదులేమ్మా" అంది. ముగ్గురూ ఒకే మాట, ముందే కూడబలుక్కున్నట్టు.

పెద్ద డాక్టరు హరినాథ్ గుంపును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆపరేషన్ చేసింది ఆయనే. మునిచంద్ర కళ్ళు చూశాడు, పొట్ట పక్కన గొట్టం చూశాడు, కుర్ర డాక్టర్లతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆ మాటల్లో లివరు అన్నదొక్కటే ఆమెకు అందింది. ఆయన ముందుకు కదిలాక కుర్ర డాక్టరు చొక్కా పట్టుకున్నంత పని చేసింది.

"ఏమంటాండాడు సారు?"

"ఆపరేషన్లో లివరుకు కొంచేపు రక్తం ఆపినాం గదమ్మా. దాని వాపు. తగ్గిపోతుంది" అని అతను గుంపు వెనక పరుగెత్తాడు.

సంతోషమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. నెత్తురు ఆపడమేమిటి? మనిషికి నెత్తురు ఆపితే ఇంకేముంటుంది?

"యెందుకు ఆపుతారో తెల్దా నీకు?" నిర్మలమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. "కొళాయి విప్పాలంటే ముందు నీళ్ళు కట్టెయ్యాల గదా? ఇదీ అంతే. లోపల్నించి ఏదో ఒకటి తీసేదానికే ఆపుతారు. ఊరూరా కిడ్నీలు తీసి అమ్ముకుంటాండారంట. మా గుడి కాడ యాత్రికులు చెప్పుకుంటా ఉంటే ఇన్నాను. వీపు తడివి సూడు."

జెస్సీ అటు తిరిగినప్పుడు సంతోషమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టి మొగుడి వీపంతా తడిమింది. కుడి పక్కా, ఎడమ పక్కా. ఏముంటే చేతికి తెలుస్తుందో, ఏం లేకపోతే తెలుస్తుందో ఆమెకు తెలియదు. మునిచంద్రకు చక్కిలిగింత పుట్టి, నవ్వబోయి, కుట్లు లాగి మూలిగాడు.

"ఏం దేవులాడతాండావే?"

"ఏం లేదు మామా. పండుకో."

*

మధ్యాహ్నం శాంతయ్య వచ్చాడు. మునిచంద్రకు అన్న. పలమనేరు దగ్గర పాడి పెట్టుకుని ఉన్నాడు. తమ్ముడికి ఏ కష్టమొచ్చినా పాలు పిండటం పెళ్ళానికి అప్పగించి బస్సెక్కే మనిషి. సంతోషమ్మకు ఈ లోకంలో అనుమానం లేకుండా మాట వినే మనిషి ఎవరంటే ఈ బావే. తమ్ముడి కళ్ళు చూశాడు. ఆమెను బయటి వరండాలోకి పిలిచాడు.

"కామెర్లు. దీనికి ఇంగ్లీషు మందు లేదు. వీళ్ళకూ తెలుసు ఆ మాట, చెప్పరు. నువ్వు ఫోన్లో చెప్పినప్పుడే నాకు అర్థమైనాది. పసరు తెచ్చినా."

సంచిలోంచి గుడ్డలో చుట్టిన టానిక్ సీసా తీశాడు. ముదురాకుపచ్చ. మేకపాలలో నూరిందట, మూత తీయకముందే వాసన కొడుతోంది.

"మా పక్కూరాయన ఇచ్చినాడు. వాళ్ళ నాయన కాడ్నించీ వస్తాండే మందు. ఏం ఆకో అడగగూడదు, అడిగినా చెప్పడు. రేపు పరగడుపున రొండు గరిటెలు పొయ్యి. ఇంకో మాట, పోసినట్టు యెవురికీ చెప్పగూడదు. నోరు జారితే మందు పారదు, పని చెయ్యదు. ఆ పైన ఎల్లుండికి ఆసుపత్రిలో పేరు కొట్టించుకుని మనూరికి పిల్చుకపోదాం. మిగతా పసరు ఆయనే దగ్గరుండి పోస్తాడు."

"ఒట్టి నీళ్ళే చుక్క చుక్క పొయ్యమన్నారు బావా. కడుపుకు కుట్లేసినారు."

"కుట్లేసినోళ్ళే గదా కండ్లు పచ్చ చేసింది!"

సంతోషమ్మ సీసా అందుకుని కొంగు కింద దాచుకుంది.

మరునాడు తెల్లవారి జెస్సీ అవతలి వరుసలో దుప్పట్లు మారుస్తుండగా పని కానిచ్చింది. మునిచంద్ర తల కొద్దిగా ఎత్తి, నీళ్ళు తాగించినట్టే గరిటె పెదాలకు ఆనించింది. మొదటి గరిటె మింగాడు. రెండోదానికి ముఖం తిప్పాడు. "మింగు మామా, నా మీద ఆన" అంది. మింగాడు. మింగి, వాంతి రాబోతే పొట్ట రెండు చేతులా పట్టుకుని నోరు బిగించాడు. పెదవి పక్కన కారిన ఆకుపచ్చ చారను కొంగుతో తుడిచి, ఆ మరక కనబడకుండా కొంగును మడతపెట్టి నడుంలో దోపుకుంది.  

ఎండ ఎక్కేసరికి మునిచంద్రకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. రెండు సార్లు వాంతి చేసుకున్నాడు. మంచానికి వేలాడే సంచిలో మూత్రం కాఫీ డికాషన్ రంగుకు వచ్చింది. జెస్సీ వచ్చి రక్తం తీసుకుపోయింది, ఈసారి ఏం కాదులే అనలేదు. కళ్ళ పసుపు ముఖానికి దిగింది.

"విషం బయటికి వస్తాండాది, మంచిదే" అన్నాడు శాంతయ్య. "రేపటి దాకా ఎందుకు? ఈ పొద్దే పోదాం. నేను పోయి బండి మాట్లాడుకోనొస్తా."

ఆయన బండి కోసం వెళ్ళగానే సంతోషమ్మ జెస్సీ దగ్గరికి పోయి, ఎదురుగా నిలబడి చెప్పింది.

"మేము పోతాము. మా ఆయన్ను పంపించేయండి."

"ఈ పరిస్థితిలోనా? నీకు మతి ఉండాదా?"

"ఉండాది. ఉండబట్టే పోతామంటాండా."

జెస్సీ ఇంకేదో అనబోయి మానుకుని ఫోను దగ్గరికి నడిచింది.

*

హరినాథ్ ఒక్కడే వచ్చాడు. ఇంకో ఆపరేషన్ మధ్యలోంచి లేచి వచ్చినట్టున్నాడు, తల మీద ఆకుపచ్చ టోపీ, కాళ్ళకు థియేటరు చెప్పులు అట్లాగే ఉన్నాయి. మునిచంద్ర పొట్ట మీద చెయ్యి వేసి చూసి, చీటీలో అంకెలు చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెద్ద డాక్టరు కూర్చోగా ఆ వార్డులో ఎవరూ చూసి ఉండరు. చుట్టుపక్కల మంచాల వాళ్ళు మాటలు ఆపేశారు.

"ఎందుకు పోతామంటున్నావమ్మా?"

సంతోషమ్మ రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారిగా బయటపడ్డాయి. "మా ఆయన ఈడికి వచ్చినప్పుడు కండ్లు పచ్చగా లేవు. నేను సూసినాను. మీరు కోసినాకే ఇట్లయింది. నెత్తురు ఆపినారంట. యెందుకు ఆపినారు? లోపల ఏం తీసినారు? అడిగితే ఒక్కరు చెప్పరు, అందరూ ఏం కాదు ఏం కాదంటారు. ఏం కాకుంటే ఈ పచ్చ యాడిది? మీరే చేసినారు!"

"ఏయ్, సారుతో అట్లనేనా మాట్లాడేది!" అని జెస్సీ ముందుకొచ్చింది. హరినాథ్ చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"అవును" అన్నాడు. "నేను చేసిందే."

 కాదనే మనిషి మీద పడటానికి సంతోషమ్మ దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. అవునన్న మనిషికి చెప్పే మాట ఒక్కటీ లేదు.

"మీకు సేద్యం ఉందా?"

"సొంతానికి లేదు. కౌలుకు చేసినాము."

"మాదీ సేద్యమే, పుంగనూరు పక్కన. మడవ కట్టేసి పొలంలోకి నీళ్ళు రాకుండా చేస్తే కయ్య ఏమైతుంది?"

"ఎండతాది. నెర్రెలిస్తాది."

"నెర్రెలిచ్చిన కయ్యకు ఒక్కసారిగా మడవ తీస్తే?"

"గట్లు కోసుకుని పోతాయి సారూ."

"మీ ఆయన లివరు చీలిపోయి వచ్చింది. కుట్లు వేద్దామంటే కనబడనంతగా నెత్తురు కారతా ఉంది. లివరుకు నెత్తురు పోయే దారిని పట్టి మూసినాను. మూయకుంటే ఆ బల్ల మీదనే పోయేవాడు. మూస్తే లివరు ఆకలితో మాడింది. కుట్లేసి వదిలినాను. ఇప్పుడు నెత్తురు తిరిగి వచ్చింది గదా, అయిపోయింది గదా అనుకుంటారు. కాదు. ఆ వచ్చే నెత్తురులోనే మన ఒంటికి కావలి కాసేవి ఉంటాయి. దెబ్బ ఎక్కడుందో అక్కడికి అన్నీ ఎగబడి వస్తాయి. బాగు చేద్దామనే వస్తాయి, వచ్చి అవీ కొంత చెరుపు చేస్తాయి. దాంతో వాపు. వాపుతో ఈ పచ్చ. ఆపినప్పుడు జరిగిన చెడు కంటే తిరిగి వచ్చినప్పుడు జరిగేది ఒక్కోసారి ఎక్కువ. ఇదంతా నీకు ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పలేదు. అది తప్పే."

వార్డులో ఎవరో దగ్గారు. సంతోషమ్మకు ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ తనను తోసుకుంటూ పోయిన వాళ్ళలో ఒకరు ఆగి మాట్లాడినందుకు వచ్చిన ఏడుపది.

"అయితే ఒక మాట" అన్నాడు హరినాథ్. గొంతు మారింది. "ఈ వాపు నిన్నటికే దిగుముఖం పట్టాలి. నిన్న సాయంత్రం కొంచెం దిగింది కూడా. ఈ పొద్దు మళ్ళీ ఎక్కింది, నిన్నటికంటే చాలా ఎక్కువ. అదే నాకు అర్థం కాలేదు. లోపలికి వేరే ఏమన్నా పోయిందా?"

సంతోషమ్మ చెయ్యి దానంతటదే నడుంలో దోపిన కొంగు మీదికి పోయింది. వార్డు గుమ్మంలో శాంతయ్య వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయనకు మాట వినబడింది. తల అడ్డంగా ఊపుతున్నాడు. చెబితే మందు పారదు. పారకపోతే మునిచంద్ర ఏమవుతాడు? చెప్పకపోతే ఏమవుతాడు? ఇంతసేపూ దాస్తున్నారు దాస్తున్నారని అరిచిన నోరు ఆమెదే. మంచం మీద మునిచంద్ర ఎక్కిలి ఎక్కిలికీ పొట్ట పట్టుకుంటున్నాడు.

"పసరు పోసినా సారూ" అంది. కొంగు మడత విప్పి మరక చూపించింది. "తెల్లారి. రొండు గరిటెలు."

హరినాథ్ లేచాడు. కిటికీ దాకా నడిచి తిరిగి వచ్చాడు. ముఖంలో కోపం కనబడుతూనే ఉంది, దాన్ని మింగటం కూడా కనబడుతూనే ఉంది.

"ఏం ఆకు?"

"తెల్దు. చెప్పరంట."

జెస్సీకి గబగబా ఏవో చెప్పాడు. సెలైను మార్చారు, ముక్కులోంచి గొట్టం వేశారు. ఆయన వెళ్ళబోతుంటే సంతోషమ్మ అడ్డం నిలబడింది.

"ఈ పచ్చ ఎక్కింది నా వల్లనేనా సారూ?"

"చెప్పలేనమ్మా. ఎంత నా చేతిదో, ఎంత నీ చేతిదో విడదీసి చెప్పే పరీక్ష ఏదీ లేదు."

*

బండి వెనక్కి పోయింది. శాంతయ్య మరదలితో మాట్లాడటం మానేసి వరండాలో పడుకున్నాడు. మునిచంద్ర మత్తులోకి జారాడు. పిలిస్తే పలికేవాడు, పలికింది మాత్రం ఎప్పటి మాటో. తోటలో ఉన్నట్టు "కర్ర అందియ్యే" అనేవాడు. సంతోషమ్మ అతని చెయ్యి పట్టుకుని "ఇదో మామా, పట్టుకో" అనేది.

ఆమెను ఇప్పుడు అందరూ కనిపెట్టుకుని ఉన్నారు. బయటి నుంచి వస్తే జెస్సీ సంచి విప్పించి చూసేది. నీళ్ళు పోయాలన్నా పక్కనే నిలబడేది. ఆయమ్మ సైతం ఆమె చేతిలోని గ్లాసు వాసన చూసి గానీ వదిలేది కాదు. సంతోషమ్మకు రోషం వచ్చేది. ఆ వెంటనే, జెస్సీ స్థానంలో తానున్నా అదే పని చేసేదాన్నని తోచి ఊరుకునేది. కూర్చున్న చోటే కూర్చుని, నేనే చంపుకుంటున్నానా అని తనను తాను అడుక్కోవడం తప్ప ఆమెకు వేరే పని లేకపోయింది.

తరువాత మూత్రం రంగు విరిగింది. ముందు ముఖం, ఆ వెనక కళ్ళు తేరుకున్నాయి. ఒక పొద్దున మునిచంద్ర కళ్ళు తెరిచి, "ఆకలైతాండాది" అన్నాడు. జెస్సీ గంజి తెచ్చింది, గరిటె మాత్రం సంతోషమ్మ చేతికిచ్చి తను పక్క మంచం దగ్గరికి పోయింది. చూడకుండా వదిలిపెట్టడం అదే మొదలు.

శాంతయ్యకు మాట తిరిగి వచ్చింది. "సూసినావా? పసరు పని చేసింది. నువ్వు నోరు జారినావు కాబట్టి ఆలస్యమైనాది గానీ, లేకుంటే ఎప్పుడో తేరుకునేవాడు" అని వార్డంతా వినేటట్టు చెప్పాడు. సంతోషమ్మ ఏమీ అనలేదు. మొగుడు బతికాడు, అది చాలు, బావ ఏమనుకుంటే ఏం పోయింది అనుకుంది.

అట్లా ఊరుకోవడం ఎంత తప్పో ఆ మరునాడు తెలిసింది. నిర్మలమ్మ మొగుడికి ఆపరేషన్ అయింది, గడ్డతో పాటు లివరులో కొంత తీశారు. ఆయన కళ్ళకూ పసుపు కమ్మింది. పొద్దున్నే సంతోషమ్మ గిన్నె కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోతే, గోడవారగా నిలబడి నిర్మలమ్మ గ్లాసుకు గుడ్డ కట్టి ఏదో వడబోస్తోంది. వాసనతోనే ఆమెకు అర్థమైంది. బావ మళ్ళీ పలమనేరు పోయి వచ్చాడు.

"వొద్దక్కా" అంది.

"ఎందుకొద్దు? మీ ఆయనకు బాగైంది గదా."

"దాని వల్ల కాదు."

"మరి దేని వల్ల?"

 దేని వల్లో సంతోషమ్మకూ తెలియదు. నిర్మలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అది సంతోషమ్మకు బాగా తెలిసిన చూపు. ఈ వార్డులో అందరి మీదా తాను విసిరిన చూపే.

"నీ మొగుడు లేసి కూచున్నాడు. మా ఆయన లేస్తే నీకేం పోయిందే? ఆ డాక్టరు చెప్పి పంపించినాడా నిన్ను?"

గ్లాసు లాక్కుని తొట్టిలో పారబోయాలనిపించింది. పారబోస్తే ఇంకో గ్లాసు వస్తుంది, ఈసారి తనకు కనబడకుండా వస్తుంది. ఏం కాదులే అక్కా, తగ్గిపోతుంది అనబోయింది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసింది.

గిన్నె కింద పెట్టి తడి చేతులు చీరకు తుడుచుకుంది. చుట్టూ ఎవరెవరున్నారో చూడలేదు.

"మా ఆయనకు పోసింది నేనేనక్కా, మా బావ కాదు. పోసినాక ఆ పొద్దంతా ఆయన ఏమైపోయినాడో దగ్గరుండి సూసింది నేను. నా మొగుణ్ణి నా చేత్తోనే సంపుకున్నాననుకున్నా. ఇప్పటికీ కాదని ఎవురూ చెప్పలేదు నాకు. నేను చేసింది చేసినట్టు చెప్తా. ఇను. ఇన్నాక పొయ్యాలనుకుంటే పొయ్యి, నేను అడ్డం రాను."

నిర్మలమ్మ గ్లాసు కింద పెట్టలేదు. కానీ వార్డు వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"చెప్పు" అంది, నమ్మకం లేకుండానే.